గోదావరి డెల్టాపై పరిశోధన రాసేవారికి: ఏ ఆధారాన్ని ఎలా చూపాలి

ధవళేశ్వరం ఆనకట్ట చరిత్ర మీద గానీ, కోనసీమ వ్యవసాయం మీద గానీ, ద్రాక్షారామ శాసనాల మీద గానీ తెలుగులో సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థికి ఆధారాల కొరత ఉండదు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు గ్రంథాలు, రాజమహేంద్రవరంలో అచ్చయిన పాత తెలుగు పుస్తకాలు, తామ్ర శాసనాలు, దినపత్రికల జిల్లా అనుబంధాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, అడంగళ్ళు (గ్రామాల సాగు లెక్కల పుస్తకాలు), రైతులతో ముఖాముఖీలు ఒకే అధ్యాయంలోకి వచ్చి చేరుతాయి. ఇన్ని రకాల ఆధారాలను ఒకే పద్ధతిలో, చదివేవారు వెతికి పట్టుకోగలిగేలా చూపడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఇంగ్లీషు కోసం తయారైన నియమావళిని ఉన్నదున్నట్టు తెలుగుకు తగిలిస్తే కొన్నిచోట్ల అతుకుతుంది, కొన్నిచోట్ల అతకదు. అతకనిచోట ఏం చేయాలో చెప్పడానికే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా మీ విశ్వవిద్యాలయం ఏ పద్ధతిని అడుగుతోందో కనుక్కోండి. సామాజిక శాస్త్రాలలో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి; దాని 7వ కూర్పు 2019లో వెలువడింది. సాహిత్య శాఖలలో ఎం.ఎల్.ఏ. (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి (9వ కూర్పు, 2021), చరిత్ర శాఖలలో పాదసూచికలతో నడిచే షికాగో పద్ధతి (18వ కూర్పు, 2024) కనబడతాయి. ఇక్కడ ఏపీఏను ఆధారంగా తీసుకున్నాను, ఎందుకంటే అది ప్రతి ఆధారాన్నీ నాలుగే ప్రశ్నలు అడుగుతుంది: ఎవరు రాశారు, ఎప్పుడు వెలువడింది, పేరేమిటి, ఎక్కడ దొరుకుతుంది. పుస్తకమైనా, శాసనమైనా, వరద బులెటిన్ అయినా ఈ నాలుగింటికీ ఇదే వరుసలో జవాబు రాస్తే నమోదు సిద్ధమైనట్టే. ఒక షరతు మాత్రం ఉంది. ఆ జవాబులు మీరు స్వయంగా చూసిన ప్రతి నుంచి రావాలి. ఇతరుల సూచి (వ్యాసం చివర ఇచ్చే ఆధారాల జాబితా) నుంచి ఎత్తి రాసిన నమోదు ఎంత చక్కగా కుదిరినా దానికి విలువ లేదు.

నమూనాల గురించి ఒక్క మాట. ఏపీఏ ప్రకారం పుస్తకాల పేర్లు, పత్రికల పేర్లు వాలు అక్షరాలలో ఉండాలి. తెలుగు లిపిని కంప్యూటరు బలవంతంగా పక్కకు వంచితే వత్తులు, గుణింతాలు ఒకదానిమీద ఒకటి పడి చదవడం కష్టమవుతుంది. అందువల్ల తెలుగులో వాటిని బోల్డ్ అక్షరాలలో పెట్టడం మేలని నా అభిప్రాయం. ఈ వ్యాసంలోని నమూనా నమోదులలో బోల్డ్ చేయవలసిన పేర్లను ఒంటి ఉల్లేఖన చిహ్నాల మధ్య చూపాను. ఇంగ్లీషు గ్రంథాలను మీ సిద్ధాంత వ్యాసంలో ఇంగ్లీషు లిపిలోనే, తెలుగు నమోదుల తరవాత విడి భాగంగా ఇవ్వండి. ఇక్కడ వరుస అర్థం కావడం కోసం వాటిని తెలుగు అక్షరాలలో రాశాను.

పేరు దగ్గర తేల్చుకోవలసినవి

ఇంగ్లీషు పద్ధతి ఇంటిపేరును ముందుకు తెచ్చి, కామా పెట్టి, తరవాత పొడి అక్షరాలు రాయమంటుంది. వాళ్ళ పేర్లలో ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి ఆ తిప్పడం అవసరమైంది. మనకు ఇంటిపేరు ముందే ఉంది. 'కందుకూరి వీరేశలింగం' అన్న పేరును తిప్పవలసిన పని లేదు, కామా కూడా అక్కరలేదు; కకారం కింద నమోదు చేస్తే చాలు. 'వీరేశలింగం, కందుకూరి' అని రాసే గ్రంథాలయ సూచికలు ఉన్నాయి, అదీ తప్పు కాదు. అయితే ఒకే సూచిలో కొందరిని అలా, కొందరిని ఇలా రాయడం మాత్రం తప్పు. తిప్పకుండా రాయడమే నా సలహా, ఎందుకంటే పాఠంలో, అంటే మీ వ్యాసం వాక్యాల మధ్య, (కందుకూరి వీరేశలింగం, 1880) అని చదివినవారు సూచిలోనూ అదే రూపాన్ని వెతుకుతారు.

పేరును ముఖపత్రం మీద ఉన్నట్టే రాయాలి కానీ బిరుదులను, గౌరవ వాచకాలను వదిలేయాలి. శ్రీ, డాక్టర్, బ్రహ్మశ్రీ, మహామహోపాధ్యాయ, కవిసార్వభౌమ వంటివి సూచిలోకి రాకూడదు. పంతులు, శాస్త్రి, రాజు వంటివి పేరులో భాగమై ముఖపత్రం మీద అచ్చయి ఉంటే ఉంచండి. లేకపోతే మీరు చేర్చకండి. కలం పేరుతోనే వెలువడిన పుస్తకాన్ని కలం పేరు కిందే పెట్టాలి. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' కోసం వెతికేవారు ఆరుద్ర అన్న పేరు కింద చూస్తారు గానీ భాగవతుల శంకరశాస్త్రి కింద చూడరు. పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరుతో, తరవాత మరొక ఇంటిపేరుతో రాసిన రచయిత్రుల విషయంలో ఏ పుస్తకానికి ఏ పేరు అచ్చయిందో అదే ఇవ్వాలి. ఇద్దరూ ఒకరేనన్న సంగతిని పాఠంలో ఒక వాక్యంలో చెప్పవచ్చు.

తెలుగువారు ఇంగ్లీషులో రాసిన వ్యాసాల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. 'జి. ఎన్. రావు' అన్నప్పుడు ఇంటిపేరు మొదటి పొడి అక్షరంలో దాగి ఉంటుంది. అంతర్జాతీయ సూచికలు మాత్రం ఆయనను 'రావు' కిందే పెడతాయి. ఇంగ్లీషు భాగంలో ఆ ఆచారాన్నే పాటించండి, వెతికేవారికి అక్కడే దొరుకుతుంది:

రావు, జి. ఎన్. (1988). కెనాల్ ఇరిగేషన్ అండ్ అగ్రేరియన్ ఛేంజ్ ఇన్ కలోనియల్ ఆంధ్రా: ఎ స్టడీ ఆఫ్ గోదావరి డిస్ట్రిక్ట్, సి. 1850–1890. 'ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ', 25(1), 25–60.

పరిశోధన పత్రికలో వచ్చిన ఏ వ్యాసానికైనా ఇదే అచ్చు. వ్యాసం పేరుకు బోల్డ్ ఉండదు, పత్రిక పేరుకు ఉంటుంది. సంపుటి తరవాత కుండలీకరణాలలో సంచిక, ఆ తరవాత పుటలు, డీఓఐ (వ్యాసానికి ఇంటర్నెట్‌లో ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే చివర దాని పూర్తి చిరునామా రావాలి. చిరునామా తరవాత చుక్క పెట్టకూడదు.

ఏపీఏ ప్రకారం ఇద్దరు రచయితలుంటే పాఠంలో ప్రతిసారీ ఇద్దరినీ పేర్కొనాలి. ముగ్గురు లేక అంతకు మించి ఉంటే మొదటిసారి నుంచే మొదటివారి పేరు రాసి 'తదితరులు' అంటే సరిపోతుంది. సూచిలో మాత్రం ఇరవై మంది దాకా అందరి పేర్లూ ఇవ్వాలి. ఒకే రచయిత ఒకే ఏడాదిలో రాసినవి రెండు ఉంటే సంవత్సరం పక్కన అ, ఆ అని చేర్చి వేరుచేయండి.

పుస్తకాలు, పాత ముద్రణలు

కొత్త పుస్తకం సులువు: రచయిత, సంవత్సరం, పేరు, ప్రచురణ సంస్థ. ఏపీఏ 7వ కూర్పు ప్రచురణ స్థలాన్ని తీసేసింది. డెల్టా మీద పాత గ్రంథాలు రెండింటిని ఆ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటాయి:

మోరిస్, హెచ్. (1878). 'ఎ డిస్క్రిప్టివ్ అండ్ హిస్టారికల్ అకౌంట్ ఆఫ్ ద గోదావరి డిస్ట్రిక్ట్ ఇన్ ద ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్'. ట్రూబ్నర్.

హెమింగ్‌వే, ఎఫ్. ఆర్. (1907). 'గోదావరి' (మద్రాస్ డిస్ట్రిక్ట్ గెజిటీర్స్). గవర్నమెంట్ ప్రెస్.

మోరిస్ పుస్తకం పేరులో 'గోదావరి' స్పెల్లింగు ఇప్పటి స్పెల్లింగు కాదు. ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు దాన్ని సరిదిద్దకండి. కాకినాడకు, రాజమహేంద్రవరానికి, ధవళేశ్వరానికి పాత పుస్తకాలలో కనిపించే స్పెల్లింగులకూ ఇదే నియమం. మీ సొంత వాక్యాలలో నేటి పేరు వాడండి, సూచిలో అచ్చయిన పేరే ఉంచండి.

స్థలం తీసేయాలన్న నియమం 19వ శతాబ్దపు, 20వ శతాబ్దం తొలి సగపు తెలుగు పుస్తకాలకు నష్టం చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ కాలంలో చాలా పుస్తకాలకు ప్రచురణ సంస్థ ఉండదు. ముద్రాక్షరశాల పేరు, ఊరి పేరు ఉంటాయి. ఒకే రకం పేరున్న ముద్రాక్షరశాలలు వేరువేరు ఊళ్ళలో ఉన్నప్పుడు ఊరి పేరే దారి చూపిస్తుంది. పర్యవేక్షకులను అడిగి, వారు ఒప్పుకుంటే పాత తెలుగు పుస్తకాలన్నిటికీ ఊరి పేరు చేర్చండి, ఆ సంగతిని సూచి మొదట్లో ఒక వాక్యంలో తెలపండి.

పునర్ముద్రణల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. వీరేశలింగం నవల 'రాజశేఖర చరిత్రము' మొదట 'వివేకవర్ధని' పత్రికలో ధారావాహికగా వచ్చి, 1880లో పుస్తకమైంది. మీరు చదివింది ఆ మొదటి ముద్రణ కాదు. ఏ ఇరవయ్యేళ్ళ కిందటో వచ్చిన ముద్రణ అయి ఉంటుంది. పుట సంఖ్యలు ఆ ముద్రణవే కాబట్టి నమోదులో మీ ప్రతి సంవత్సరం, మీ ప్రతి ప్రచురణకర్త ముందు రావాలి. చివర కుండలీకరణాలలో '(మొదటి ప్రచురణ 1880)' అని చేర్చాలి. పాఠంలో రెండు సంవత్సరాలను గీతతో కలిపి, ముందు 1880, తరవాత మీ ప్రతి సంవత్సరం రాయాలి. ఇలా రాస్తే అది 19వ శతాబ్దపు రచన అన్న సంగతీ తెలుస్తుంది, మీరు చెప్పిన పుటా దొరుకుతుంది.

ముఖపత్రం మీద 'రక్తాక్షి సంవత్సరం' అని మాత్రమే ఉంటే ఏం చేయాలి? తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలై రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీదుగా సాగుతుంది కనుక రెండింటినీ చూపాలి: (రక్తాక్షి [1924–25]). చదరపు కుండలీకరణం ఆ లెక్క మీదని చెబుతుంది. అయితే అదే పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. రక్తాక్షి 1864–65లోనూ ఉంది, 1984–85లోనూ ఉంది. ఏ రక్తాక్షియో తేల్చడానికి పుస్తకాన్నే అడగాలి. వెల అణాలలో ఉంటే, నయా పైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి కాబట్టి, 1984 అయ్యే వీలు లేదు. ముద్రాక్షరశాల పేరు, పీఠికలో ప్రస్తావించిన వ్యక్తులు మిగతా సందేహాన్ని తీరుస్తారు. శక సంవత్సరం ఉంటే 78 కలపండి. తేదీ జనవరికి, ఉగాదికి మధ్యలో పడితే 79 కలపాలి. ఏ తేదీ లేకపోతే 'తే.లే.' (తేదీ లేదు) అని రాయండి, ఊహించి రాయకండి.

ఇప్పుడు ఎక్కువమంది పాత పుస్తకాలను గ్రంథాలయంలో కన్నా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్‌లలో చదువుతున్నారు. అది మంచిదే. కానీ ఆ స్కాన్‌ల పక్కన ఉండే వివరాలను నకలు చేయకండి: పేర్లు వికృతంగా లిప్యంతరీకరణ అయి ఉంటాయి, సంవత్సరాలు తప్పిపోయి ఉంటాయి, ఒక్కోసారి ఒక పుస్తకం పేరుతో మరో పుస్తకం ఉంటుంది. స్కాన్ తెరిచి ముఖపత్రం దాకా వెళ్ళి అక్కడి నుంచి రాసుకోండి. పుట సంఖ్య విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. తెర అడుగున కంప్యూటరు చూపే సంఖ్య బొమ్మల వరుస సంఖ్య. అట్ట, ముఖపత్రం, పీఠిక అన్నీ కలుపుకొని అది నడుస్తుంది. మీకు కావలసింది కాగితం మీద అచ్చయిన సంఖ్య.

బహుసంపుటాల గ్రంథాలలో చూసిన సంపుటిని తప్పనిసరిగా పేర్కొనాలి. కపిలేశ్వరపురం నుంచి వెలువడిన చాగంటి శేషయ్య 'ఆంధ్ర కవి తరంగిణి' ఇందుకు మంచి ఉదాహరణ: ఏ సంపుటమో చెప్పకుండా పుట సంఖ్య ఇస్తే పాఠకుడు వరుసగా అన్నిటినీ తిరగేయాలి. సంపుటాలు వేరువేరు సంవత్సరాలలో వస్తే వాడిన సంపుటి సంవత్సరమే వేయాలి.

ప్రాచీన కావ్యాలకు పుట సంఖ్య చాలదు. నన్నయ పద్యాన్ని చూపేటప్పుడు పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య ఇవ్వండి: (ఆంధ్ర మహాభారతం, ఆది., 1-26). ఇలా రాస్తే ఎవరి దగ్గర ఏ ముద్రణ ఉన్నా పద్యం దొరుకుతుంది. ముద్రణకూ ముద్రణకూ పద్య సంఖ్యలు ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు కాబట్టి మీరు వాడిన ముద్రణను, పరిష్కర్త పేరుతో సహా, సూచిలో పెట్టాలి.

చూడని పుస్తకాన్ని చూపే ప్రలోభం గురించి ఇక్కడే చెప్పాలి. ఆర్థర్ కాటన్ 1844లో ఇచ్చిన నివేదికలోని మాటలు మీకు వాల్చ్ 1896లో రాసిన 'ద ఇంజనీరింగ్ వర్క్స్ ఆఫ్ ద గోదావరి డెల్టా' ద్వారా తెలిసి ఉంటే, పాఠంలో (కాటన్, 1844, వాల్చ్, 1896లో ఉదాహృతం) అని పుట సంఖ్యతో రాయండి. సూచిలో వాల్చ్ ఒక్కడే ఉంటాడు. కాటన్‌ను కూడా సూచిలో చేర్చితే మూల నివేదికను మీరు చూసినట్టు అవుతుంది, అది అబద్ధం.

శాసనాలు, లిఖిత ప్రతులు

శాసనం దగ్గర రెండు వస్తువులు ఉంటాయి: రాయి లేదా రాగిరేకు ఒకటి, దాని పాఠాన్ని అచ్చువేసిన సంపుటం మరొకటి. మనలో నూటికి తొంభై మంది చదివేది రెండోదాన్ని, కాబట్టి నమోదు దాని పేరనే ఉండాలి.

కృష్ణశాస్త్రి, హెచ్. (సంపా.). (1923). 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' (సంపుటి 4). గవర్నమెంట్ ప్రెస్.

ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలు పెద్ద సంఖ్యలో ఉన్నది ఈ సంపుటంలోనే. పాఠంలో పుట సంఖ్యకు బదులు శాసన సంఖ్య ఇవ్వడం శాసన పరిశోధకుల ఆచారం: 'ద.భా.శా. (దక్షిణ భారత శాసనాలు, అంటే పై గ్రంథమే), సం. 4, నం.' అని రాసి పక్కన సంఖ్య వేస్తారు. సంక్షిప్తాన్ని మొదటిసారి వాడినప్పుడు పూర్తి రూపం చెప్పండి. శాసనంలో ఉన్న శక సంవత్సరాన్ని, మీరు లెక్కించిన క్రీస్తు శకాన్ని రెండింటినీ ఇవ్వండి.

రచయిత ఎవరన్న ప్రశ్న నందంపూడి తామ్ర శాసనం దగ్గర పదునెక్కుతుంది. దాన్ని వేయించింది రాజరాజ నరేంద్రుడు, రచించింది నన్నయ, పాఠాన్ని చదివి అచ్చుకు సిద్ధం చేసింది ఆధునిక పరిష్కర్త. మూడు పేర్లూ ముఖ్యమైనవే, అయినా సూచిలో స్థానం పరిష్కర్తది, శాసన పాఠాలు అచ్చువేసిన 'ఎపిగ్రాఫియా ఇండికా' 4వ సంపుటిది. రాజు పేరు, కవి పేరు, 1053 అన్న కాలం మీ వాక్యంలో రావాలి. మీరు ద్రాక్షారామ వంటి ఆలయానికి వెళ్ళి రాతి శాసనాన్ని స్వయంగా చదివి, అచ్చు పాఠంతో తేడా గమనిస్తే, ఆ పరిశీలన మీదే. ఆలయం, శాసనం ఉన్న చోటు, చూసిన తేదీ, తీసిన ఛాయాచిత్రం వివరాలతో పాదసూచికలో చెప్పండి.

తాళపత్ర ప్రతులకు, కైఫీయతులకు (గ్రామ చరిత్రల రాతప్రతులకు) సంవత్సరం కన్నా గ్రంథాలయం, ప్రతి సంఖ్య ముఖ్యం. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ప్రతులకు 'డి', 'ఆర్' అన్న వేరువేరు వరుసలు ఉన్నాయి. ఆ అక్షరం వదిలేసి సంఖ్య ఒక్కటే రాస్తే వేరే ప్రతి చేతికి వస్తుంది. వరుస ఇలా ఉండాలి: రచయిత (తెలిస్తే), కృతి పేరు, [తాళపత్ర ప్రతి] లేక [కాగితపు ప్రతి] అన్న వివరణ, ప్రతి సంఖ్య, భాండాగారం, ఊరు. తాళపత్రానికి పుట ఉండదు, ఆకు ఉంటుంది. ఆకు సంఖ్యతో పాటు ముందు వైపో వెనక వైపో చెప్పాలి.

ప్రభుత్వ పత్రాలు

డెల్టా పరిశోధకులు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే, ఎందుకంటే మన జిల్లాల పేర్లు, హద్దులు పదేపదే మారాయి. 1859లో గోదావరి జిల్లా, 1925లో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి. 2022 ఏప్రిల్ 4 నుంచి కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలు. 2011 జనగణన చేతిపుస్తకంలోని 'తూర్పు గోదావరి'లో కాకినాడ, అమలాపురం రెండూ ఉన్నాయి. ఇప్పటి తూర్పు గోదావరిలో ఆ రెండూ లేవు. అలాగే భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరిదే. సూచిలో పత్రం మీది పేరే ఉంచి, పాఠంలో ఆ అంకెను మొదటిసారి వాడిన చోట 'నాటి జిల్లా హద్దుల ప్రకారం' అని తప్పక చెప్పండి.

జనగణన కార్యకలాపాల డైరెక్టరేట్, ఆంధ్రప్రదేశ్. (సంపుటం వెలువడిన సంవత్సరం). 'జిల్లా జనగణన చేతిపుస్తకం: తూర్పు గోదావరి' (భాగం 12-ఎ, గ్రామ, పట్టణ వివరసూచి).

12-ఎ, 12-బి వేరువేరు పుస్తకాలు. భాగం చెప్పకపోతే గ్రామం అంకె ఎక్కడిదో తెలియదు. గణన జరిగిన ఏడాదినీ, పుస్తకం వెలువడిన ఏడాదినీ కలిపేయకండి. యానాం అంకెలు ఆంధ్రప్రదేశ్ సంపుటాలలో దొరకవు. డెల్టా మధ్యలో ఉన్నా అది పుదుచ్చేరిలో భాగం, కాబట్టి అక్కడి డైరెక్టరేట్ పేరుతో విడి నమోదు కావాలి.

ప్రభుత్వ ఉత్తర్వుకు శాఖ పేరే రచయిత. 'జి.ఓ. ఎం.ఎస్. నం.', 'జి.ఓ. ఆర్.టి. నం.' రెండు వేరు వరుసలు, పైగా ప్రతి శాఖకూ తన సంఖ్యలు తనవే. అందువల్ల శాఖ, వరుస, సంఖ్య, తేదీ అన్న నాలుగింటిలో ఏది లోపించినా ఉత్తర్వు దొరకదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు రికార్డులు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూసి ఉంటే, రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్సా, పబ్లిక్ వర్క్స్ శాఖవా అన్నది, సంఖ్య, పూర్తి తేదీ, ఆర్కైవ్స్ పేరు ఇవ్వాలి.

కమిటీ నివేదికలను జనం అధ్యక్షుడి పేరుతో పిలుస్తారు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (సాగు విరామం) ప్రకటించినప్పుడు ప్రభుత్వం వేసిన సంఘాన్ని అందరూ మోహన్ కందా కమిటీ అనే అంటారు. గోదావరి జల వివాదాల ట్రిబ్యునల్ 1980 తీర్పు కూడా బచావత్ తీర్పుగానే ప్రసిద్ధం. పాఠంలో వాడుక పేరు రాయవచ్చు. సూచిలో అధికారిక పేరు ఉండాలి, మొదటి ప్రస్తావనలో రెండింటినీ కలిపి చూపాలి.

రెవెన్యూ రికార్డుల మీద ఫసలీ (భూమిశిస్తు లెక్కల) సంవత్సరం ఉంటుంది. ఫసలీ జూలై 1న మొదలవుతుంది; దానికి 590 కలిపితే మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1434 అంటే 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా. అడంగల్‌ను ఇలా చూపండి: రెవెన్యూ శాఖ, ఆంధ్రప్రదేశ్. (ఫసలీ 1434 [2024–25]). 'అడంగల్': గ్రామం, మండలం, సర్వే నంబరు. ఎక్కడ చూశారో, ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమి పోర్టల్‌లోనా, తహశీల్దారు కార్యాలయంలోనా, అదీ చేర్చండి. పట్టాదారుల పేర్లు సూచిలోకి రానివ్వకండి.

పత్రికలు, వెబ్‌పుటలు, మనుషులు

దినపత్రికకు పూర్తి తేదీ కావాలి: వార్త రాసినవారి పేరు, లేకపోతే శీర్షికే మొదట; (1986, ఆగస్టు 17); పత్రిక పేరు; ఎడిషన్; పుట. ఎడిషన్ అనవసరమని అనుకోకండి. ఒకే రోజు ఒకే పత్రిక రాజమహేంద్రవరంలో ఒక మొదటి పుటతో, విజయవాడలో మరో మొదటి పుటతో రావచ్చు. జిల్లా అనుబంధానికి పుట సంఖ్యలు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి, కాబట్టి 'జిల్లా అనుబంధం, పు. 3' అని స్పష్టంగా రాయాలి. 'భారతి' వంటి మాసపత్రికలకు సంపుటి, సంచికలతో పాటు నెల పేరు కూడా ఇవ్వడం మంచిది.

సిద్ధాంత వ్యాసాలకు పేరు తరవాత చదరపు కుండలీకరణంలో [అముద్రిత పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం, విశ్వవిద్యాలయం పేరు] అని ఉంటే చాలు, భారతీయ సిద్ధాంత వ్యాసాల ఆన్‌లైన్ భాండారం శోధ్‌గంగలో చదివితే దాని పేరు, చిరునామా చివర చేర్చండి.

వెబ్‌పుటలకు, మీరు చూసిన తేదీని అన్నిటికీ వేయనక్కరలేదు. కాలక్రమేణా మారడానికే ఉద్దేశించిన పుటలకు మాత్రమే ఏపీఏ ఆ తేదీ అడుగుతుంది. గోదావరి వరద సమాచారం సరిగ్గా అలాంటిది. ధవళేశ్వరం బ్యారేజి వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. ఉదయం మొదటి హెచ్చరిక చూపిన పుట సాయంత్రానికి రెండోది చూపవచ్చు. ఇక్కడ తేదీ ఒక్కటే చాలదు, గంట కూడా రాయాలి: కేంద్ర జల సంఘం. (తేదీ). 'పుట శీర్షిక'. చూసిన సమయం: తేదీ, గంట. చిరునామా. చూసిన వెంటనే ఆ పుటను వేబ్యాక్ మెషిన్‌లో (వెబ్‌పుటల నకళ్ళు దాచే సైటులో) భద్రపరచి ఆ చిరునామాను కూడా ఇస్తే పరీక్షకులు మీరు చూసిన అంకెనే చూడగలుగుతారు.

మీరు చేసిన ముఖాముఖీ మరొకరికి అందుబాటులో ఉండదు కనుక సూచిలోకి రాదు; మీ పరిశోధనలో పాల్గొన్నవారి మాటలను ఏపీఏ 'వ్యక్తిగత సంభాషణ'గా కూడా లెక్కించదు, చెప్పినవారు ఎలాంటివారో తెలుపుతూ పాఠంలోనే చూపాలి: (కౌలు రైతు, ముమ్మిడివరం మండలం, పూర్తి తేదీ). పేరు ఇవ్వకపోవడం ఇక్కడ లోపం కాదు. డెల్టాలో కౌలు ఎక్కువగా నోటిమాట మీద నడుస్తుంది. భూమి యజమాని గురించి రైతు చెప్పిన మాట అతని పేరుతో అచ్చయితే మరుసటి ఏడాది ఆ చేను అతనికి దక్కకపోవచ్చు. మండలం పేరు కూడా మనిషిని పట్టించేలా ఉంటే 'మధ్య డెల్టా' అని రాయండి. ఎవరు ఎవరన్న జాబితా మీ దగ్గర, మీ పర్యవేక్షకుల దగ్గర భద్రంగా ఉంటే సరిపోతుంది.

సూచిని కూర్చడం

ఆధారాల నమోదులను దాచి సూచిగా కూర్చే జొటెరో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ శ్రమను చాలా తగ్గిస్తుంది. అందులో పేరుకు రెండు గడులు ఉంటాయి. తెలుగు పేర్లకు ఒకే గడిగా మార్చుకుంటే 'కందుకూరి వీరేశలింగం' తిరగబడకుండా ఉంటుంది. టైపు మొత్తం యూనికోడ్‌లోనే చేయండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన సూచిని మరో కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి, వెతకడానికీ వీలుపడదు.

కంప్యూటరు చేసిన అకారాది క్రమాన్ని ఒకసారి కళ్ళతో చూడండి. సున్న ఉన్న పేర్లు, క్షకారంతో మొదలయ్యే పేర్లు మీరు అనుసరించే నిఘంటువు వరుసలో లేకపోవచ్చు. ఏదో ఒక నిఘంటువు క్రమాన్ని ఎంచుకుని మొదటి నుంచి చివరి దాకా దాన్నే పాటించండి. ప్రతి నమోదులో మొదటి పంక్తి అంచుకు ఆని, తరవాతి పంక్తులు అర అంగుళం లోపలికి ఉండాలి. పు., సం., సంపా., అను., తే.లే. వంటి సంక్షిప్తాలకు సూచికి ముందు చిన్న పట్టిక ఇవ్వండి, 'సం.' అన్నది ఒకచోట సంపుటికీ మరోచోట సంపాదకుడికీ రాకుండా చూసుకోండి.

చివరి పరిశీలన రెండు దిశలలో జరగాలి. పాఠాన్ని మొదటి నుంచి చదువుతూ ప్రతి సూచన దగ్గరా ఆగి సూచిలో దాని నమోదు ఉందో లేదో, పేరు, సంవత్సరం రెండుచోట్లా ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. పెన్సిలుతో గుర్తు పెట్టండి. అది పూర్తయ్యాక గుర్తు పడని నమోదులు సూచిలో మిగిలితే, పాఠంలో వాటిని ఎక్కడా వాడలేదని అర్థం, వాటిని తీసేయండి. ఈ పనిని స్నేహితుడితో కలిసి, ఒకరు పాఠం, మరొకరు సూచి పట్టుకుని చేస్తే తప్పులు ఎక్కువగా బయటపడతాయి.